మూడో కెరటం దాటకముందే

మా తాత మైలపల్లి ఎర్రయ్య
ఆడగుంటని తెప్పెక్కించొద్దని అమ్మమ్మ అరుస్తున్నా
నన్ను ముందు కూర్చోబెట్టి
తుఫాను గురించి చెప్పలేదు, ఈత గురించి చెప్పలేదు.
"మూడో కెరటం దాటేదాకా
ఒడ్డుకేసి సూడకే. నోరిప్పకు."
అంతే.

ఇరవై ఏళ్ళ తర్వాత శిక్షణలో
అదే మాటని పదివేల అడుగులన్నారు.
అది దాటేదాకా పని మాట తప్ప పై మాట కూడదని.
నవ్వుకుంటూ రాసుకున్నాను. పరీక్షలో నూటికి నూరు.

భోగాపురం. ఉదయం ఆరుంబావు.
మొదట ఇచ్చిన అనుమతి తొమ్మిది వేలకి.
చక్రాలు కదలబోతుంటే టవర్ మాట మార్చింది:
ఐదు వేల దగ్గర ఆగండి, పైన ఇంకొకరున్నారు.
ఐదు వేలు, అని తిరిగి చెప్పాను.
స్పష్టంగా. టేపులో ఇప్పటికీ ఉంటుంది ఆ గొంతు,
కాస్త గర్వంగా కూడా.

వేలు, అంది నోరు.
వేలు మీట దాకా వెళ్ళింది.
ఆ రెండు వేల మధ్య
కెప్టెన్ సొహ్రాబ్ అడిగాడు, మంచి మనిషి,
మాటవరసకి కాదు, నిజంగానే:
"మీ ఊరు ఇక్కడెక్కడో కదూ?"
"ముక్కాం. లేచాక ఎడమవైపు."
చెయ్యి ఒళ్ళోకి వచ్చేసింది.
అంకె తొమ్మిది వేలుగానే ఉండిపోయింది.

లేచాం.
జీడితోటలు నేలకి అతుక్కుపోయాయి. సరుగుళ్ళు గీతలయ్యాయి.
కోనాడ దగ్గర చంపావతి కడలిలో కలిసే చోట
ఇసుక మేట చేపముల్లులా వంగి ఉంది.
ముక్కాం ఒడ్డున వలలు ఆరేసిన మచ్చలు.
మూడో కెరటానికి అవతల ఒక పడవ, నీలిది,
అంచుకి పసుపు గీత.
"అదిగో, మా నాన్న!"
కెప్టెన్ కూడా మెడ చాచాడు.
ఇద్దరం చూశాం.
ముందున్న అంకెల్ని చూసేందుకు ఎవరూ మిగల్లేదు.

ఐదు వేలు పలకరించకుండానే
కిందికి జారిపోయింది.
ఐదు వేల రెండొందలు. నాలుగొందలు.
పడవ వెనక నీటి చార కూడా కనిపిస్తోంది నాకు.

"మీ ఎత్తెంత?" అంది చెవిలో ఆడగొంతు.
అందులో కోపం లేదు. అందుకే భయమేసింది.
చూసి చెప్పడానికి పట్టిన రెండు క్షణాల్లో
భువనేశ్వర్ నుంచి దిగుతున్న విమానం
కుడి నుంచి ఎడమకి దాటిపోయింది.
దాని తోక మీద ఏ బొమ్మ ఉందో చెప్పగలను.
చెప్పగలగకూడదు.

కెప్టెన్ ముక్కు దించాడు.
వెనక నూట నలభై ఆరు కడుపుల్లో
ఒక్కసారే ఏదో పైకి లేచి ఉంటుంది.
ఒక పసిబిడ్డ గుక్కపట్టిందని రోజ్‌మేరీ తర్వాత చెప్పింది.
హైదరాబాదు దాకా చెక్‌లిస్టులు తప్ప మాటల్లేవు.
ఎంత బాగా చదివామో!

మధ్యాహ్నం నివేదిక.
'కారణం' గడిలో, ప్రశ్న నాది, అని రాశాడు కెప్టెన్.
దాని కింద నేను, జవాబు నాది.
అధికారి రెండూ కొట్టేసి
'దృష్టి మళ్ళడం' అని రాయమన్నాడు.
పడవ రంగుకి గడి లేదు.

రాత్రి నాన్న ఫోను.
"పొద్దున్న మీ ఇమానం సప్పుడు ఇన్నానమ్మా, మంచం మీదుండే.
ఏటకి ఎల్లనేదు. ఇంజను పాడైపోనాది.
నాల్రోజులై పడవ పాకలోనే ఉంది."

మరి అదెవరి పడవ?
అడగలేదు.

హోటల్ గదిలో ఉక్కగా ఉంది.
లేచి వెళ్ళి ఫ్యాన్ రెగ్యులేటర్ పట్టుకున్నాను.
ముందు వేలు తిరిగింది.
టక్కుమంది.
అంకె చూశాను.
అప్పుడు అన్నాను, ఎవరితోనూ కాదు:
ఐదు.